అర్ధబిరడా విజయము

ఏ గాలి వీచినంతనే ముసలివారి కీళ్ళును పాతయిండ్ల కిటికీలును ఏకకంఠమున కిఱ్ఱుమనునో, ఏ గాలికి వెఱచి చర్చి శిఖరముపై ఇనుపకోడి గిరగిర తిరుగునో, అట్టి ఉత్తరమారుతము కొర్బియేర్ కొండల నెత్తిన మొట్టికాయలు వేయుచుండగా, కత్తిరింపులు ముగిసిన ద్రాక్షమోళ్ళు క్రొత్తగా గుండు చేయించుకొన్నవారివలె వరుసదీరి వణకుచుండగా, ఫిబ్రవరి మాసమున ఒకానొక ఆదివారమున, పేర్‌గ్రోస్ గ్రామమున, పూజ ముగిసి, గంట మ్రోగి, ప్రతియింటి పొగగొట్టమునుండియు క్యాబేజీ సూపు పరిమళము స్వర్గాభిముఖముగా బయలుదేరు శుభముహూర్తమున, ఓ పునీత వాన్సానూ, ద్రాక్షతోటల కాపరీ, పీపాపరిపాలకా! జరిగిన ఘోరము నీ కాళ్ళకడనే మొదలైనది కాబట్టి నీవే నా నాలుకపై నిలిచి కథ నడిపింపుము. అది తడబడినచో కారణము భక్తి కాదు, రెండవ గ్లాసని నీకు తెలియును గదా.

ఆ గ్రామమున ఫుల్‌క్రాన్ అను వీరుడు కలడు. ఎట్టివాడందురా? శిలామయక్షేత్రకర్షకుడు, కారిన్యానద్రాక్షాకులదీపకుడు, సహకారసంఘసభాభయంకరుడు, పొరుగువాడు నిచ్చెన అరువడిగినచో తత్క్షణబధిరుడు. ఈ కడపటి బిరుదము నేనే ఇచ్చితిని. ఆ పొరుగువాడను నేనే.

ఈ ఫుల్‌క్రానునకు ఒక్కతే కూతురు, క్లేలీ. మా కొండలలో బిడ్డ పుట్టిన యేటి ద్రాక్షాసవమును కొన్ని సీసాలలో పట్టి, బిరడా బిగించి, ఎఱ్ఱని లక్కతో మూతి ముద్రించి, పెళ్ళినాటికై నేలమాళిగలో దాచుట ఆచారము. ఫుల్‌క్రానుడును దాచెను. అయితే బారసాలకొకటి, తొలి దివ్యప్రసాదమునకొకటి, పిల్ల కారు నడుపు పరీక్షలో మూడవమారు గెలిచిననాడు రెండు, ఇట్లు ఖర్చుకాగా మిగిలినది ఒక్కటే సీసా. ఆ యొక్కదానిని మామూలు సీసాల మందలో పడవేయుటకు తండ్రి మనసొప్పలేదు. నేలమాళిగ గోడలో ఒక గూడు కలదు. ఆ గూటిలో పునీత వాన్సాను మట్టిబొమ్మ కలదు. ఆ బొమ్మ పాదములచెంత, సాష్టాంగపడిన సీసా సొగసుగా నుండదని, దానిని నిటారుగా నిలబెట్టెను.

అయ్యో! ఎఱ్ఱ ఆసవపు సీసా పండుకొనవలెను. పండుకొన్నచో లోని రసము బిరడాను తడుపుచుండును, తడిసిన బిరడా బిగువు విడువదు. నిలబెట్టినచో బిరడా ఎండి, పెళుసై, రజనై, యజమానుని పరువు తీయును. ఇది మా ఊరిలో పాలు మఱువని పసికందునకు కూడ తెలిసిన శాస్త్రము. ఫుల్‌క్రానునకును తెలియును. అతని భార్య సొలాంజ్ ప్రతి సంవత్సరము బూజు దులుపునప్పుడు "దాన్ని పడుకోబెట్టవయ్యా బాబూ" అని మొత్తుకొనుచునేయుండెను. "సాధువు కాళ్ళ దగ్గర పడుకోబెడతామా, శవంలాగా?" అని అతడు ప్రతి సంవత్సరము కసరుచునేయుండెను. చేసిన తప్పు ఒప్పుకొనుటకంటె దానిని ఆచారముగా మార్చుకొనుట సులువని మా ఊరి మగవారి నమ్మకము.

ఇక ప్రతినాయకుడు. ఆసవములకు పేరుమోసిన బోర్దోపురవాసి, ఉన్నతనాసికుడు, రేశమికంఠవస్త్రుడు, గడియారముండవలసిన జేబులో బిరడాలు పీకు రెండు రేకుల పరికరమును ధరించి సంచరించు గోంత్రాన్. ఇతని కుమారుడు తిబో క్లేలీని వరించెను. జూనులో పెళ్ళి నిశ్చయమైనది. వియ్యాలవారు తొలిసారి కలిసి భుజింపవలెనని ఆ ఆదివారము ఏర్పాటు. బల్ల చుట్టును ఎవరెవరనగా: ఫుల్‌క్రానుడు, సొలాంజ్, కాబోవు దంపతులు, గోంత్రానుడు, ఒడిలో అల్లిక పెట్టుకొన్న ఫుల్‌క్రానుని తల్లి లేయొనీ అవ్వ, బల్ల చివర తలుపు సందు గాలి సూటిగా మెడకు తగులు చోట నేను.

సూపు వడ్డించిరి. నాలుగు చెంచాలు త్రాగి, మూతి యొత్తుకొని, గోంత్రానుడు శంఖము పూరించెను.

"బావగారూ, పెళ్ళిలో వైను సంగతి మీరు మర్చిపొండి. మా నేలమాళిగలోంచి నేను పంపిస్తాను."

"మా ఊళ్ళో పెళ్ళికి పైఊరి వైనా?"

"తప్పుగా అనుకోకండి. మీ దక్షిణపు వైను బాగానే ఉంటుంది. పాలూ బాగానే ఉంటాయి. రెండూ ఆ వారంలోనే తాగెయ్యాలి, అంతే."

చెంచాలు ఆగినవి. తిబో తన సూపులో ఏదో పోగొట్టుకొన్నవానివలె అందులోనికే చూచుచుండెను. ఫుల్‌క్రానుని హృదయగుహాంతరమున సింహము లేచి ఇట్లు గర్జించెను: "ఓరీ గరోన్‌నదీతీరవాసీ! పొగమంచు త్రాగి పెరిగిన ద్రాక్షలు నీవి, నిప్పులు మ్రింగి పెరిగినవి నావి! రాతిని చీల్చి వేరు దింపి, అనావృష్టిని నమిలి, ఈ గాలిచేత చెంపలు పగులగొట్టించుకొని పండిన మా రసమును పాలతో పోల్చిన నీ జిహ్వ వేయి వ్రక్కలు కాకున్నదేమి!" అయితే ఆ గర్జన గొంతు దాటి నోటికి వచ్చుసరికి ఇట్లు మారెను:

"ఇంకో రొట్టెముక్క వేసుకోండి బావగారూ."

వేసుకొన్నాడు. వేసుకొని, "మీ వైను ఇరవై ఏళ్ళు బతికిందని ఎవరన్నా చెబితే సలాడ్‌లో వేసుకుని చూస్తాను" అనెను. సలాడులో వేయునది వెనిగరు. అంతమాట అనిన పిమ్మట ఊరకుండుట మా కొండలలో ఎవరివలనను కాదు.

"కింద సీసా ఉంది," ఫుల్‌క్రానుడు లేచి నిలబడెను. "మా అమ్మాయి పుట్టిన ఏటిది. ఇప్పుడే తెస్తాను. తాగి చెప్పండి. బతికుంటే పెళ్ళిలో మా వైనే."

"చచ్చిపోయుంటే?"

"మీదే. ఇక జన్మలో నోరెత్తను."

"నోరెత్తవా?" సొలాంజ్ కన్నులు మెరిసినవి. "అయితే చచ్చిపోయుండాలనే మొక్కుకుంటాను."

"మొదలెట్టారా?" క్లేలీ చెంచా విసరుగా పెట్టెను. "పెళ్ళి మాకా, మీ సీసాలకా?"

అవ్వ మాత్రము సూపు జుఱ్ఱుచుండెను. ఆమెకు చెవుడు. వియ్యాలవారి విందులలో అది వరము.

అంత ఫుల్‌క్రానుడు టార్చిలైటు పుచ్చుకొని, సొలాంజ్ వంటయేప్రనును కవచముగా ధరించి, పాతాళప్రవేశము చేసెను. దారిలో సాలెగూళ్ళు ముఖమునకు చుట్టుకొనెను, చింపెను. ఉల్లిపాయల బుట్ట మోకాలికి తగిలెను, తిట్టెను. శయనించియున్న సీసాల నడుమ నడచి గూటిని సమీపించి, లైటు వేసి చూచి, గతుక్కుమనెను. సీసాలో రసము మెడ దిగి భుజములవఱకు జారియున్నది. బిరడా ఎండిన గుర్తది. మా వీరునకు భయము వేసెను. ఉన్నమాట చెప్పవలెను, వడగండ్లవాన తోటను ఊడ్చిననాడు కూడ అతని ముఖమట్లు పాలిపోవుట నేను చూడలేదని పైకి వచ్చిన పిమ్మట నాకనిపించినది. ఓడినచో ఏమగును? తన కూతురి పెళ్ళిలో, తన ఊరి నడుమ, తన గ్లాసులో, బోర్దో ఆసవము. అది త్రాగుచు నవ్వవలెను కూడ.

చుట్టును వినువారెవరును లేనందున ఇక్కడ మాత్రము గర్జన నోటనే వచ్చెను.

"ఓ రక్తవర్ణే! లక్షణశోభితలాక్షాకిరీటే! నిన్ను నింపిననాడు ఒక చేత నీవును, ఒక చేత పొత్తిళ్ళలో అదియు ఉంటిరి. అది ఏడ్చినది, నీవు ఏడువలేదు. ఈనాడును పరువు దక్కింపుము. నిన్ను నిలబెట్టిన పాపము నాది, పగ నాపై తీర్చుకొనుము, బిరడాపై కాదు!"

"ఎవరితోనయ్యా ఆ మాటలు?" పైనుండి సొలాంజ్ కేక. "సూపు చల్లారిపోతోంది, అక్కడే కాపురం పెట్టావా?"

సీసాను గుండెకు హత్తుకొని వీరుడు పైకి వచ్చెను. బల్లపై నిలిపెను. గోంత్రానుడు కన్నద్దములు పెట్టుకొని, ముందుకు వంగి, సీసాను తాకకయే చూచెను.

"బావగారూ, దీన్ని నిలబెట్టి ఉంచారా ఏమిటి?"

"ఎవరన్నారు?"

"దుమ్ము అంటోంది. పడుకున్న సీసాకి ఒక పక్కే దుమ్ముంటుంది. దీనికి భుజాల చుట్టూ సమంగా ఉంది."

"మా దుమ్ము అంతే. అన్ని పక్కలా పడుతుంది. ఈ గాలి సంగతి మీకు తెలీదు."

సొలాంజ్ దగ్గు వంకతో ముఖము తిప్పుకొనెను. గోంత్రానుడు జేబులోనుండి తన ద్విరేకాయుధమును తీసి బల్లపై పెట్టెను. అది రెండు సన్నని ఇనుపరేకులు, ఒక పిడి. "ఇది వాడండి. ఎండిన బిరడాకి మరసూది గుచ్చితే పొడైపోతుంది. ఈ రేకులు పక్కలనుంచి దింపి మెల్లగా తిప్పుతూ లాగితే వచ్చేస్తుంది."

మంచి మాటయే. శత్రువు నోటివెంట వచ్చిన మంచి మాట కంటె చేదైనది లేదు. "మా బిరడాలకి మా మర చాలు" అని ఫుల్‌క్రానుడు తండ్రి కాలపు మరసూదిని తీసెను. ముసలి ద్రాక్షమోడును పిడిగా చేసిన మహాయుధమది, బరువున గొడ్డలికి చెల్లెలు.

ఇక యుద్ధము. తొలుత లాక్షాప్రాకారభంజనము. కత్తి వెనుకవైపుతో కొట్టగా లక్కపెళ్ళలు అష్టదిక్కులకు ఎగసి, ఒకటి తిబో సూపులో మునిగెను, ఒకటి గోంత్రానుని కంఠవస్త్రమున పతకమువలె అంటుకొనెను. పిదప బిరడాముఖము కనబడెను. నల్లగా, ముడుతలు పడి, తేమలేక, ఎండిన అత్తిపండువలె ఉండెను. వీరుడు మరసూదిని నడుమ గుచ్చి, సీసాను తొడలనడుమ ఇరికించి, తిప్పెను. కిర్ కిర్ అని శబ్దము. రజను రాలుచున్నది. పండ్లు బిగించెను. నుదుట నరము ఉబ్బెను. ఏప్రనుపై అచ్చువేసిన పూలు వంగినవి. లాగెను. భూమి కదలలేదు గాని కుర్చీ కదలెను. మరల లాగెను. అత్తఱి పటుక్కుమని ఒక ధ్వని పుట్టెను.

మరసూదికి సగము బిరడా వేలాడుచున్నది. సగము మెడలోనే యున్నది.

గోంత్రానుడు తన ఆయుధమును వ్రేలితో కొంచెము ముందుకు నెట్టెను, అంతియే. ఆ కొంచెము వేయి మాటలకంటె ఎక్కువగా మండించెను.

"తీసుకోవయ్యా," సొలాంజ్ గుసగుసలాడెను.

"వద్దు."

"నాన్నా, ప్లీజ్, తీసుకో."

"వద్దన్నానా!"

అని మిగిలిన సగములోనికి మరల సూది దింపెను. దింపవలసినది మెత్తగా. అతడు దింపినది కోపముగా. ఆ అర్ధబిరడా, ఇంతకాలము కోటను కాచి కాచి విసిగిన వృద్ధసేనాని తలుపు వదలి లోపలికే పాఱిపోయినట్లు, బుడుంగున ద్రాక్షాసవములో పడెను. పడి, తేలి, చుట్టును తన రజనుతో ఈదుచుండెను.

"అయిపోయింది" అనెను గోంత్రానుడు, జాలిగా. ఆ జాలియే భరింపరానిదైనది.

"ఏం అయిపోలేదు! సొలాంజ్, వడగుడ్డ!"

ఆమె జున్ను మూటగట్టు పలుచని గుడ్డను గాజుకూజా మూతిపై పఱచెను. ఫుల్‌క్రానుడు సీసాను వంచెను. ఒక్క చుక్క వచ్చెను. అంతలో లోన తేలుచున్న అర్ధబిరడా ప్రవాహముతో మెడలోనికి వచ్చి అడ్డుపడెను. నిలబెట్టెను, అది లోనికి పోయెను. వంచెను, అది అడ్డువచ్చెను. మరల నిలబెట్టెను, పోయెను. మరల వంచెను, వచ్చెను. వాకిట నిలిచి పొమ్మన్న పోవక, రమ్మన్న రాక వేధించు చుట్టమువలె ఆ తుచ్ఛఖండము మహావీరుని నట్టింట ఆటలాడించెను. తిబో నవ్వాపుకొనలేక బల్లక్రిందికి వంగి జారిపడని రుమాలును వెదకుచుండెను.

"సన్నటి పుల్లేదైనా ఉంటే లోపలికి నొక్కి పట్టొచ్చు కదా" అంటిని నేను. ఈ మహాయుద్ధమున నా పాత్ర ఇంతియే, చరిత్ర గుర్తుంచుకొనుగాక.

సొలాంజ్ చుట్టును చూచి, అవ్వ ఒడిలోని అల్లికనుండి సూదిని లాగెను.

"ఒసే, నా సూదేదీ?" అవ్వ మేలుకొన్నట్లు తలయెత్తెను. "కుట్లన్నీ ఊడిపోతాయే! ఎవరే తీసింది?"

ఎడమచేత సూదిని మెడలోనికి దించి అర్ధబిరడాను అదిమిపట్టి, కుడిచేత సీసానెత్తి, నాలుక కొన పండ్లనడుమ బిగించి, ఫుల్‌క్రానుడు వంచెను. క్షణము ఏమియు రాలేదు. పిదప ఆనకట్ట తెగినట్లు ఒక్కుమ్మడిగా గుబగుబ దుమికెను. దుమికినది కూజాలోనికి కాదు. సీసా మూతి అవ్వవైపునకు తిరిగియుండెను.

అవ్వ కన్నులు చెవులవంటివి కావు. ఆమె సూపు గిన్నెలో అడుగున రెండు చెంచాల సూపు మిగిలియుండెను. సూపు అడుగున వైను కలిపి గిన్నెతోనే త్రాగుట మా ముసలివారి పాత అలవాటు; సూపు చివర, వైను ఎదుట, ఇంక ఆమె చేయునదేమి? గిన్నెను చటుక్కున ఎత్తి ధార క్రింద పట్టెను.

"అమ్మా! ఆగు! అది..."

"చాల్లే, చాల్లేరా. ఇంకొంచెం. ఆ, చాలు."

పాతికేండ్లు దాటి సాధువు కాళ్ళకడ కాచుకొన్న ఆ దివ్యరసము క్యాబేజీ సూపుతో కలసిపోయెను. అవ్వ గిన్నెను రెండు చేతుల నెత్తి, మోచేతులు బల్లకానించి, కన్నులు మూసి, గటగట త్రాగెను. న్యాయాధిపతి తీర్పునకై కాచియున్న హంతకునివలె ఫుల్‌క్రానుడు సూదియు సీసాయు పట్టుకొని కొయ్యబారెను. అవ్వ గిన్నె దింపెను. మూతి తుడుచుకొనెను.

"ఎలా ఉంది అత్తయ్యా?" సొలాంజ్ చెవిలో అరచెను.

"ఏంటి?"

"అదే! ఎలా ఉందీ అని!"

"సూపులో ఉప్పెక్కువైందే." అవ్వ పండ్లసందున చిక్కిన బిరడా రజనును వ్రేలితో తీసి చూచెను. "వైను మాత్రం బాగుంది. ఉప్పు కూడా మింగించేసింది. ఎవరిది?"

"మనదే అమ్మా!" ఫుల్‌క్రానుడు సీసానెత్తి చూపెను. "మన క్లేలీది!"

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు పోయలేదురా, సన్నాసీ?"

అయితే అవ్వ తీర్పు ఇంటివారి తీర్పు. పందెము నిలిచియున్నది గోంత్రానుని నాలుకపై. సీసాను మరల కూజాపైకి వంచి, వడగుడ్డగుండ దిగినదానిని అతనికి గ్లాసులో పోసిరి. అతడు వెలుతురునకెత్తెను, త్రిప్పెను, వాసన చూచెను, ముక్కు దించెను. ఆ ఉన్నతనాసిక గ్లాసులోనే నిలిచిపోయెను. త్రాగలేదు. గ్లాసు దించి అవ్వవైపు చూచెను. అవ్వ గిన్నె అంచును నాలుకతో శుభ్రము చేయుచుండెను. గోంత్రానుడు తన గిన్నెలోనికి చూచెను. అందును అడుగున రెండు చెంచాల సూపు.

"మా తాత ఇలాగే తాగేవాడు," అనెను నెమ్మదిగా. "పెరిగోర్ పల్లెల్లో. అమ్మ నన్ను బల్ల దగ్గర్నుంచి లాక్కుపోయేది, చూస్తే నేర్చుకుంటానని."

"నేర్చుకున్నావా?" అడిగెను తిబో, తొలిసారి నోరు విప్పి.

"చూడనిస్తేగా!"

అని, ఆ బోర్దోపురవాసి, ఆ రేశమికంఠవస్త్రుడు, గ్లాసులోనిదంతయు సూపు గిన్నెలో కుమ్మరించి, మోచేతులు బల్లకానించి, గిన్నెనెత్తి త్రాగెను. కంఠవస్త్రపు కొన అందులో మునిగెను, లాక్షాపతకముతో సహా. అతడు గమనింపలేదు. గిన్నె దింపునప్పటికి మీసమునకు ఒక క్యాబేజీ రేకు అంటియుండెను. బాగున్నదని అనలేదు. ఓడితిననియు అనలేదు. ఖాళీ గిన్నెను బల్లమీద ముందుకు జరిపి, సొలాంజ్‌ను చూచి, "ఇంకొంచెం సూపుందా చెల్లెమ్మా?" అనెను.

"ఉప్పెక్కువన్నారుగా మా అత్తగారు."

"ఫరవాలేదు. దాని మందు ఇక్కడే ఉంది."

సూదితో బిరడాను అదిమి, గుబగుబలతో, మరకలతో, సీసా చివరివఱకు వంచిరి. కూజాలో మిగిలినది అందఱకును తలా గ్రుక్కెడు వచ్చెను. నాకు వచ్చినదానిలో సగము గుడ్డ దాటిన రజను. ఫుల్‌క్రానుడు తన గ్రుక్కను నోటిలో నిలిపి చాలసేపు మ్రింగలేదు. కొండ థైము ఆకు వాసన, నల్లరేగు రుచి, పాత తోలు పెట్టె తెరచినప్పటి గాలి, అన్నియు ఉన్నవి. అతని కన్నులు నిండినవి. క్లేలీ చూచెను.

"నాన్నా, ఏడుస్తున్నావా?"

"బిరడా పొడి పడింది కంట్లో."

అంత గోంత్రానుడు రొట్టెముక్కతో గిన్నె తుడిచి, తినుచు పలికెను: "సరే బావగారూ. పెళ్ళిలో మీ వైనే. కానీ ఒక్క షరతు."

"చెప్పండి."

"సూపు ఉండాలి."

"జూన్‌లోనా?" క్లేలీ లేచి నిలబడెను. "ఆ ఎండలోనా? పెళ్ళిబట్టల్లో వేడి క్యాబేజీ సూపా?"

"ఉప్పు తగ్గించి" అనెను అవ్వ. ఈమాట మాత్రము ఎట్లు వినబడెనో ఆ పునీతునికే తెలియవలెను.

కావున వినుడు, కొండవారలారా, నదీతీరవాసులారా! జూన్ మాసమున, తొండలు సైతము నీడకు పరుగిడు మధ్యాహ్నమున, పేర్‌గ్రోస్ పెళ్ళిపందిరి క్రింద ఇరువైపుల బంధుకోటి చెమటలు కార్చుచు, విసనకఱ్ఱలు విసరుకొనుచు, పొగలు గ్రక్కు సూపు చివర కొర్బియేర్ రసము పోసికొని గిన్నెలెత్తి త్రాగెను. ఇద్దరు సొమ్మసిల్లిరి. వారిలో ఒకడు ఫోటోగ్రాఫరు. ఫుల్‌క్రానుడు జయించెను! దక్షిణదేశము జయించెను! పాతికేండ్ల నిరీక్షణ, వంశాయుధప్రయోగము, ఒక అల్లికసూది, ఒక వడగుడ్డ, వీటన్నిటి బలమున సగము బిరడా బయటికి వచ్చెను!

విజయోత్సాహమున నున్నాడు గదా అని ఆనాడే అతనిని నిచ్చెన అడిగితిని. వినబడలేదు.

మిగిలిన సగము బిరడా ఇప్పటికిని సీసాలోనే యున్నది. ఎవరి ఆయుధమునకును లొంగలేదు. మొన్న ఉల్లిపాయలకని వారి నేలమాళిగకు దిగి చూచితిని. పునీత వాన్సాను పాదములచెంత, అదే గూటిలో, ఆ సీసాను ఫుల్‌క్రానుడు ఎవరికిని చెప్పకుండ, ఎంతో జాగ్రత్తగా, క్రింద గుడ్డ మడిచి వేసి, పడుకోబెట్టియున్నాడు. ఖాళీ సీసాను.